దళాన్నీ, దాన్ని ఎదుర్కొన్న చర్యనూ ఒకే కాగితం మీద రాయాలి

మీ ప్రశ్నను ముందు నేను అర్థం చేసుకున్న తీరులో చెబుతాను. నల్లగొండలో ఉండి రాజనీతిశాస్త్రంలో పరిశోధన మొదలుపెట్టిన మీరు వామపక్ష తీవ్రవాద సంస్థలను, మతం పేరుతో ఆయుధం పట్టిన సంస్థలను, వాటిని అరికట్టడానికి ప్రభుత్వాలూ పౌరసమాజమూ చేసిన ప్రయత్నాలను ఇంటర్వ్యూలు, పత్రాల ఆధారంగా పోల్చాలనుకుంటున్నారు. దేన్ని దేనితో పోల్చాలి, ఎవరితో మాట్లాడాలి, అంకెలు లేని పోలికను ఎవరైనా నమ్ముతారా అన్నవి మీ మూడు సందేహాలు. దేవరకొండ, అచ్చంపేట, మక్తల్ వైపు గ్రామాల్లో ఇరవై ఏళ్లకు పైగా ఇటువంటి ఇంటర్వ్యూలు చేసిన అనుభవంతో జవాబు రాస్తున్నాను.

మీ అధ్యాయాల ప్రణాళికలో మొదటి సగం సంస్థలకు, రెండో సగం ప్రభుత్వ చర్యలకు కేటాయించారు. దీన్ని మార్చుకోవాలని నా గట్టి సలహా. సంస్థ ఒకచోట, దాన్ని ఎదుర్కొన్న చర్య మరొకచోట పెరగలేదు; ఒకటి వేసిన అడుగును చూసి రెండోది అడుగు వేసింది. మన జిల్లాల కాలక్రమాన్నే తీసుకోండి. 1980 ఏప్రిల్‌లో నక్సలైట్ల సాయుధ పార్టీ పీపుల్స్ వార్ ఏర్పడింది. 1989లో దాన్ని ఎదుర్కోవడానికి గ్రేహౌండ్స్ అనే ప్రత్యేక పోలీసు దళం వచ్చింది. 1992లో పార్టీ మీద నిషేధం విధించారు, 1995లో తొలగించారు, 1996లో మళ్లీ విధించారు. ఈ మధ్యలోనే, 1993లో, సోమశిల దగ్గర మహబూబ్‌నగర్ జిల్లా ఎస్పీ పరదేశి నాయుడు మందుపాతరకు బలయ్యారు. 2004 అక్టోబరులో హైదరాబాదులో శాంతి చర్చలు జరిగాయి, 2005 జనవరికల్లా అవి చెడిపోయాయి, ఆ ఏడాది ఆగస్టు 15న నారాయణపేటలో మక్తల్ ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డి హత్య జరిగింది, రెండు రోజులకు నిషేధం తిరిగి వచ్చింది. ఈ వరుసను రెండు వేర్వేరు అధ్యాయాల్లోకి విడగొడితే ఏ అడుగుకు ఏది జవాబో చదివేవారికి అందదు. ఒక పెద్ద కాగితం తీసుకుని ఎడమవైపు సంస్థ చేసిన పని, కుడివైపు ప్రభుత్వం చేసిన పని, మధ్యలో ఊరివాళ్లకు జరిగింది రాయండి. మధ్య గడి ఖాళీగా ఉన్న చోటల్లా మీరు ఇంకా ఒక ఊరికి వెళ్లాల్సి ఉందని అర్థం.

పేర్ల విషయం కూడా మొదట్లోనే తేల్చుకోవాలి. 1946 జూలైలో కడవెండిలో దొడ్డి కొమరయ్య చనిపోయిన నాటి నుంచి 1951 అక్టోబరులో సాయుధ పోరాటాన్ని విరమించే దాకా నల్లగొండ జిల్లాలో తుపాకీ పట్టిన రైతును నిజాం ప్రభుత్వం ఒక పేరుతో పిలిచింది, 1948 సెప్టెంబరు తర్వాత వచ్చిన సైనిక ప్రభుత్వం దాదాపు అదే పేరుతో పిలిచింది. 1952 ఎన్నికల్లో అదే ఉద్యమ నాయకుడు రావి నారాయణరెడ్డిని ఇదే నల్లగొండ ప్రజలు దేశంలోకెల్లా ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు పంపారు. నిన్నటి ముద్ర ఇవాళ మారిపోవచ్చు కనుక ‘తీవ్రవాది’ అన్న మాటను మీ విశ్లేషణకు పునాదిగా పెట్టుకోవద్దు. రాజకీయ లక్ష్యం కోసం పౌరుల మీదగానీ ప్రభుత్వం మీదగానీ వ్యవస్థీకృతంగా హింసను ప్రయోగించిన సంస్థ అని పనికివచ్చే నిర్వచనం ఒకటి రాసుకుని, దాన్ని మీకు నచ్చిన సంస్థకూ నచ్చని సంస్థకూ ఒకే తీరుగా వర్తింపజేయండి. రజాకార్లు ఆ నిర్వచనంలోకి వస్తారా, ఛత్తీస్‌గఢ్‌లో ప్రభుత్వ అండతో మావోయిస్టుల మీదికి నడిచిన సల్వాజుడుం వస్తుందా అన్న ప్రశ్నలు అప్పుడు తప్పనిసరిగా ఎదురవుతాయి. వాటిని దాటవేయకుండా రాతపూర్వకంగా జవాబు చెప్పుకోండి.

ఇక దేన్ని దేనితో పోల్చాలన్న ప్రశ్న. మావోయిస్టులను (పీపుల్స్ వార్ 2004లో మరో సంస్థతో కలిసి ఏర్పరచిన పార్టీ) నిషేధిత ఇస్లామిక్ విద్యార్థి సంస్థ సిమీతో పోలుస్తానని మీరు రాసిన కారణం, రెండూ నల్లగొండ జిల్లాలో కనిపించాయన్నది. 2015 ఏప్రిల్‌లో సూర్యాపేట బస్టాండులో పోలీసుల మీద కాల్పులు జరిగి, మూడు రోజులకు జానకీపురం దగ్గర ఎదురుకాల్పుల్లో ఇద్దరు చనిపోయిన మాట నిజమే. అయితే వాళ్లు 2013లో మధ్యప్రదేశ్‌లోని ఖండ్వా జైలు నుంచి తప్పించుకున్నవారని పోలీసులే ప్రకటించారు. ఘటన జరిగిన చోటూ, సంస్థ వేరూనిన చోటూ ఒకటి కావు. దారిన పోతూ మన బస్టాండులో చిక్కిన వాళ్లను, పదిహేనేళ్లు మన పల్లెల్లో అన్నం తిన్న దళాన్ని ‘జిల్లాలో తీవ్రవాదం’ అనే ఒకే శీర్షిక కింద పెడితే ఆ పోలిక దేన్నీ వివరించదు. మతపరమైన సంస్థ మీకు తప్పనిసరి అనుకుంటే, అది స్థానికంగా సభ్యులను చేర్చుకుని కొన్నేళ్లు నిలిచిన ప్రాంతాన్ని వెతకండి. అంత దూరం వెళ్లే వీలు లేకపోతే ఆ భాగాన్ని వదులుకోండి.

మీకు దగ్గరలోనే అరుదైన జంట ఒకటి ఉంది. సైన్యం వచ్చిన తర్వాత, 1949-51 మధ్య, సాయుధ పోరాట దళాల్లో కొన్ని కృష్ణా తీరపు నల్లమలలోకి, అమ్రాబాద్ వైపుకు వెళ్లాయి. నాలుగు దశాబ్దాల తర్వాత పీపుల్స్ వార్ దళాలు తిరిగింది కూడా ఆ అడవిలోనే. అదే కొండ, అవే చెంచుల గూడేలు (పెంటలు), అదే నది. మారినవి భూమి సంబంధాలు, రోడ్లు, పోలీసు, పార్టీ. చాలా విషయాలు స్థిరంగా ఉండి కొన్నే మారిన ఇటువంటి జంట దొరికితే, మారిన వాటి మీద కారణం మోపడానికి కొంత ధైర్యం వస్తుంది. దీనికి భిన్నంగా, చాలా విషయాల్లో తేడా ఉండి ఒక్క దాంట్లో పోలిక ఉన్న జంట కావాలంటే పెరూ దేశపు మావోయిస్టు సాయుధ సంస్థ ‘షైనింగ్ పాత్’ను చూడవచ్చు. పీపుల్స్ వార్ ఏర్పడిన నెల తిరగకుండానే, 1980 మే 17న, అయకుచో ప్రాంతంలోని చుస్చి అనే ఊళ్లో బ్యాలెట్ పెట్టెలు తగలబెట్టి అది సాయుధ చర్య మొదలుపెట్టింది. మావో ఆలోచన, వెనకబడిన కొండ ప్రాంతం, నాయకత్వంలో చదువుకున్నవారు అన్నంతవరకు పోలిక కుదురుతుంది. అక్కడ 1992 సెప్టెంబరులో దాని నాయకుడు గుజ్మాన్ పట్టుబడగానే సంస్థ కూలబడింది. ఇక్కడ ఒక నాయకుడు పోతే మరొకరు వచ్చారు. ఈ తేడా ఎందుకన్నది ఒక మంచి పరిశోధన ప్రశ్న అవుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైన పోలికను మాత్రం పరిశోధకులు సాధారణంగా మరచిపోతారు. చేరినవాళ్లతో మాత్రమే మాట్లాడి, వాళ్లందరూ పేదవాళ్లే కనుక పేదరికమే కారణమని రాస్తారు. అంతే పేదరికంలో ఉండి చేరనివాళ్లతో మాట్లాడకుండా ఆ మాట అనే హక్కు మనకు లేదు. పాత మహబూబ్‌నగర్ జిల్లా దీనికి గొప్ప పాఠం. అదే కరువు, అదే చెలక, అదే అప్పు. ఒక ఇంటి కొడుకు దళంలోకి పోతే పక్కింటి కొడుకు గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని బొంబాయి పోయాడు. దేశంలో పెద్ద ప్రాజెక్టులు కట్టిన పాలమూరు లేబరు, నల్లమలలో తిరిగిన పాలమూరు యువకుడు ఒకే ఊరి నుంచి బయలుదేరారు. నేను మాట్లాడిన చోట్ల తేడా పేదరికంలో తక్కువగా, పరిచయంలో ఎక్కువగా కనిపించింది. ఆ పదిహేడేళ్ల వయసులో ఇంటికి మొదట ఎవరు వచ్చారు, మేస్త్రీయా, హాస్టల్లో కలిసిన విద్యార్థి సంఘం మిత్రుడా అన్నది చాలా కథల్లో మలుపు. అందుకే ప్రతి చేరిన వ్యక్తికి, అదే ఊరిలో అదే వయసులో చేరని ఒకరిని జతగా ఎంచుకోమని చెబుతాను. ఊళ్ల విషయంలోనూ అంతే. దళం అడుగుపెట్టలేకపోయిన ఊరు ఒకటైనా మీ అధ్యయనంలో ఉండాలి.

ఇప్పుడు ఇంటర్వ్యూల సంగతి. నేను ఎక్కువగా తప్పులు చేసి నేర్చుకున్నది ఇక్కడే. మొదటి ఏడాది నేను అందరినీ ‘ఎందుకు చేరారు?’ అని అడిగాను. అందరూ ఒకే జవాబు చెప్పారు, ఎందుకంటే ఆ ప్రశ్నకు పార్టీ తరగతుల్లో ఒక జవాబు, పోలీసు స్టేషన్‌లో ఒక జవాబు వాళ్లకు ముందే తయారై ఉన్నాయి. ‘ఎలా జరిగింది, ఆ రోజు పొద్దున ఏం పని చేస్తున్నారు, ఎవరు పిలిచారు, ఇంట్లో ఏమి చెప్పి బయలుదేరారు?’ అని అడగడం మొదలుపెట్టాక కథ మారింది. ‘ఎందుకు’ అన్న మాటలో సంజాయిషీ అడిగినట్టు వినిపిస్తుంది. ‘ఎలా’ అంటే మనిషి గుర్తు చేసుకోవడం మొదలుపెడతాడు. జవాబుల్లో వాళ్లు వాడే మాటలను ఉన్నవి ఉన్నట్టే రాసుకోండి. మన పల్లెల్లో ‘అజ్ఞాతంలోకి వెళ్లాడు’ అనరు, ‘లోపటికి పోయిండు’ అంటారు. ‘బయటికొచ్చిండు’, ‘లొంగిపోయిండు’ అన్నవి రెండు వేర్వేరు మాటలు, వాటి వెనక రెండు వేర్వేరు గౌరవాలు ఉన్నాయి. ఒకే మనిషిని తల్లి ‘బయటికొచ్చిండు’ అనీ పాత సహచరుడు ‘లొంగిపోయిండు’ అనీ అంటే ఆ తేడాను రాసుకోకుండా వదిలిపెట్టకండి.

ఆడవాళ్లతో మాట్లాడకుండా ఈ పని పూర్తి కాదు. తెలంగాణ సాయుధ పోరాటం గురించి మనకు తెలిసిన చాలా విషయాలు 1980లలో స్త్రీశక్తి సంఘటన సభ్యులు అప్పటికి ముసలివాళ్లైన మహిళా కార్యకర్తల ఇళ్లకు వెళ్లి, వాళ్ల మాటలను రికార్డు చేయడం వల్లనే బయటపడ్డాయి. నాయకుల జ్ఞాపకాలలో తీర్మానాలూ తేదీలూ ఎక్కువగా ఉంటే, ఈ మాటల్లో బిడ్డను ఎవరి దగ్గర వదిలిపెట్టారో, పోరాటం ఆగిపోయాక ఏ ఇంటికి తిరిగి పోవలసి వచ్చిందో ఉంది. దేవరకొండ వైపు ఒక తండాలో ఒక పెద్దమ్మను నేను దళం గురించి అడిగితే ఏమీ తెలియదన్నది. రాత్రిపూట ఎంతమందికి రొట్టెలు చేసేవారని అడిగితే, ఏ నెలలో ఎన్ని, ఏ ఏడాది నుంచి తగ్గాయి, పోలీసులు వచ్చిన మర్నాడు పిండి ఎక్కడ దాచింది అన్నీ చెప్పింది. దళం బలం ఎప్పుడు పెరిగి ఎప్పుడు తగ్గిందో ఆమె చెప్పిన రొట్టెల లెక్క నాకు ఏ పత్రికా కథనం కంటే స్పష్టంగా చూపించింది.

అయితే జ్ఞాపకం ఒక్కదాన్నే నమ్మరాదు. ఒక ఘటనకు కనీసం ముగ్గురు వేర్వేరు వైపులవాళ్ల మాటలు, ఒక ఆనాటి పత్రం ఉండాలి. ఎఫ్ఐఆర్‌లు, అభియోగపత్రాలు, మేజిస్ట్రేటు విచారణ నివేదికలు, పౌరహక్కుల సంఘాల నిజనిర్ధారణ నివేదికలు, పార్టీ కరపత్రాలు, దినపత్రికల జిల్లా అనుబంధాలు అన్నీ పనికివస్తాయి, ఏదీ తటస్థం కాదు. ఎఫ్ఐఆర్‌లో వాక్యం చాలాచోట్ల ఒకే మూసలో ఉంటుంది, కరపత్రంలో కూడా అంతే. ఆ మూసలో లేని ఒక్క వివరం ఎక్కడైనా కనిపిస్తే అక్కడ ఆగండి. స్తూపాల మీది పేర్లు, వాటి కింద ఉన్న తేదీలు, ఏ స్తూపాన్ని ఎప్పుడు కూల్చారు, ఎవరు తిరిగి కట్టారు అన్నవి కూడా పత్రాలే.

ఎదుర్కొనే ప్రయత్నాలను పోల్చడంలో మీ ప్రతిపాదన కాస్త పలచగా ఉంది. ‘ప్రభుత్వ స్పందన’ అనే ఒకే పేరు కింద ఆయుధ చర్య, నిషేధం, లొంగుబాటు విధానం, భూసంస్కరణ, చర్చలు అన్నీ కలిపేశారు. వీటి పనితీరు వేరు, వీటిని నడిపే మనుషులు వేరు. 1948-51 మధ్య నల్లగొండలోనే ఇవి ఎలా పక్కపక్కన నడిచాయో చూడండి. ఒకవైపు సైన్యం ఊళ్లను చుట్టుముడుతూ ఉండగా, 1949లో జాగీర్దారీ రద్దు, 1950లో కౌలుదారీ చట్టం వచ్చాయి. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళితులు వినోబా భావేను 80 ఎకరాలు అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని లేచి నిలబడ్డారు. భూదానాన్ని కొందరు కేవలం ఆధ్యాత్మిక ఘటనగా, మరికొందరు కేవలం ఉద్యమాన్ని నీరుగార్చే ఎత్తుగడగా రాశారు. పరిశోధకులుగా మీరు చేయవలసింది ఆ రెండు తీర్పుల మధ్య ఒకటి ఎంచుకోవడం కాదు; ఆ ప్రాంతంలో దళానికి అన్నం పెట్టిన కుటుంబం ఆ ఏడాది, ఆ తర్వాతి ఏడాది ఏమి చేసిందో కనుక్కోవడం.

లొంగుబాటు విధానాన్ని ఇటలీతో పోల్చి చూడండి, ఎంతో ఉపయోగం ఉంటుంది. అక్కడి వామపక్ష సాయుధ సంస్థ ‘రెడ్ బ్రిగేడ్స్’ 1978లో మాజీ ప్రధాని ఆల్డో మోరోను అపహరించి చంపిన తర్వాత, ఇటలీ 1980, 1982 చట్టాల ద్వారా తోటివాళ్ల వివరాలు చెప్పినవారికి శిక్ష తగ్గించింది. 1987లో మరొక చట్టం తెచ్చి, ఎవరి పేరూ చెప్పకుండా తాను చేసింది ఒప్పుకుని హింసను వదిలేస్తున్నానన్నవారికి కూడా దారి ఇచ్చింది. ఈ రెండు దారులూ ఒకటి కావు. మొదటిది సంస్థను త్వరగా బద్దలు చేస్తుంది, కానీ బయటికి వచ్చిన మనిషిని పాతవాళ్లకు శత్రువుగా, ఊరికి అనుమానితుడిగా నిలబెడుతుంది. రెండోది నెమ్మది, కానీ మనిషి తల ఎత్తుకుని ఇంటికి రాగలడు. మన లొంగుబాటు విధానం కాగితం మీద రెండో దారిలా కనిపించినా, నేను కలిసిన చాలామందికి అది ఆచరణలో మొదటిదే అయింది. సమాచారం ఇవ్వమన్న ఒత్తిడి, ఇన్‌ఫార్మర్ అన్న ముద్ర, రెండు వైపుల నుంచీ భయం వాళ్ల మాటల్లో పదేపదే వచ్చాయి. నార్వేలో 1997లో, స్వీడన్‌లో 1998లో నియో నాజీ యువకుల కోసం మొదలైన ‘ఎగ్జిట్’ కార్యక్రమాలతో దీన్ని పోల్చేటప్పుడు ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. అక్కడ యువకుడు బయటికి వస్తే పని చూపించే పట్టణం ఉంది. మన దగ్గర అతను తిరిగి అదే చెలకకు, అదే అప్పుకు వస్తాడు.

సంస్థను వదలడం, హింసను వదలడం, నమ్మకాన్ని వదలడం అన్న మూడింటినీ వేరుగా నమోదు చేయండి. మూడూ ఒకేసారి జరుగుతాయనుకోవడం పెద్ద పొరపాటు. నేను కలిసినవారిలో కొందరు ఆయుధం వదిలి ముప్పై ఏళ్లైనా నమ్మకం వదలలేదు, పక్కవాడికి చిన్న హాని చేయలేదు. దానికి పూర్తిగా ఎదురు ఉదాహరణ మన భువనగిరి ప్రాంతానిదే: పీపుల్స్ వార్‌లో పనిచేసి, బయటికి వచ్చి, నేరముఠా నడిపి, 2016 ఆగస్టులో షాద్‌నగర్‌లో పోలీసు కాల్పుల్లో చనిపోయిన నయీం సంస్థనూ నమ్మకాన్నీ వదిలాడు, హింసను వదలలేదు. లొంగిపోయినవారి సంఖ్యను విజయానికి కొలతగా చూపించే నివేదికల్లో వీళ్లందరూ ఒకే అంకె.

ప్రజలకే ఆయుధాలు ఇచ్చి ఎదుర్కోమన్న ప్రయత్నాలకు పెరూ గ్రామాల ‘రోందాస్’ అనే ఆత్మరక్షణ దళాలను, ఛత్తీస్‌గఢ్‌లో 2005లో మొదలై 2011 జూలైలో సుప్రీంకోర్టు చట్టవిరుద్ధమన్న సల్వాజుడుంను పక్కపక్కన పెట్టవచ్చు. పెరూలో చాలాచోట్ల ఊళ్లు ముందుగా తామే కూడి, తర్వాత ప్రభుత్వం నుంచి తుపాకులు తీసుకున్నాయి. అయినా అక్కడ కూడా ఆ దళాల చేతుల్లో దారుణాలు జరిగాయి. ఆ దేశపు సత్యశోధన కమిషన్ 2001-03 మధ్య సుమారు 17,000 మంది వాంగ్మూలాలు సేకరించి, దాదాపు 69,000 మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. గుణాత్మక సమాచారాన్ని అంత పెద్ద ఎత్తున, బాధితుల గొంతుతో ఎలా సేకరించవచ్చో చూడడానికి ఆ కమిషన్ పని తీరును తప్పక పరిశీలించండి.

అంకెలు లేకుండా ఎవరు నమ్ముతారన్న మీ మూడో సందేహానికి నా జవాబు, మీ వివరణను మీరే పడగొట్టడానికి నిజాయితీగా ప్రయత్నిస్తే నమ్ముతారని. 2005 తర్వాత నల్లమలలో మావోయిస్టులు ఎందుకు బలహీనపడ్డారో ఉదాహరణగా తీసుకోండి. గ్రేహౌండ్స్ దాడులు, ఇన్‌ఫార్మర్ల వ్యవస్థ, రోడ్లు, లొంగుబాట్లు, చర్చల సమయంలో నాయకులు బయటికి రావడం, జనం అలసిపోవడం అని ఆరు వివరణలు వినిపిస్తాయి. ఒక్కోదానికి ‘ఇదే నిజమైతే నాకు ఊళ్లో ఏ ఆనవాలు కనిపించాలి, ఏది కనిపించకూడదు?’ అని ముందే రాసుకుని వెళ్లండి. జనం అలసటే కారణమైతే దాడులు పెరగకముందే ఇళ్లల్లో అన్నం పెట్టడం తగ్గి ఉండాలి. దాడుల తర్వాతే తగ్గితే అది అలసట కాదు, భయం. ఏది ముందు, ఏది వెనక అన్న ఈ వరుసే మీ రుజువు. కోడింగ్‌కు, అంటే ఇంటర్వ్యూల్లోని విషయాలకు గుర్తులు పెట్టడానికి, ఏ సాఫ్ట్‌వేర్ వాడతారన్నది పెద్ద విషయం కాదు. ఒకే ఇరవై ఇంటర్వ్యూలను మీరూ మరొకరూ వేర్వేరుగా గుర్తులు పెట్టి, తేడా వచ్చినచోట కూర్చుని మాట్లాడుకుంటే చాలు.

చివరిగా మనుషుల రక్షణ గురించి. అమెరికాలోని బోస్టన్ కాలేజీ తరఫున 2001-06 మధ్య ఉత్తర ఐర్లాండ్ మాజీ సాయుధుల జ్ఞాపకాలను రికార్డు చేసినవారు, ఆ సాయుధులు బతికి ఉన్నంతకాలం టేపులను ఎవరికీ ఇవ్వబోమన్న నమ్మకం కలిగించి వాళ్లను మాట్లాడించారు. 2011లో ఉత్తర ఐర్లాండ్ పోలీసుల తరఫున కోర్టు ద్వారా ఆ టేపులను కోరారు, కొన్ని వాళ్ల చేతికి వెళ్లాయి, అరెస్టులు జరిగాయి. ఇక్కడ యూఏపీఏ (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం) ఉంది, పరిశోధకుడి నోటు పుస్తకానికి ప్రత్యేక రక్షణ ఏదీ లేదు. కాబట్టి నిలబెట్టుకోలేని మాట ఇవ్వవద్దు. కోర్టులో విచారణకు రాని, ఇంకా తేలని ఏ ఘటన గురించీ చెప్పవద్దని ఇంటర్వ్యూకు ముందే చెప్పండి; వాళ్లు చెప్పబోతే రికార్డర్ ఆపి మాట మార్చండి. పేరు మార్చితే సరిపోతుందనుకోకండి. ‘బాంబు పేలి రెండు వేళ్లు పోయిన, ఇప్పుడు కిరాణా కొట్టు నడుపుతున్న మాజీ కమాండర్’ అని రాస్తే మండలం మొత్తానికి అతనెవరో తెలుస్తుంది. నేను ఒకసారి దుకాణం సంగతి ఉంచేశాను. ఆయన ఏమీ అనలేదు, కానీ ఆయన భార్య మళ్లీ నాకు మంచినీళ్లు ఇవ్వలేదు. ఆ తర్వాత నుంచి రాసిన పుటలను అచ్చుకు ముందు వాళ్ల ఇంటికే తీసుకెళ్లి, చదువు రానివారికి నేనే చదివి వినిపించి, తీసేయమన్న వాక్యం తీసేస్తున్నాను. మీ ప్రశ్నావళి ముసాయిదాను కూడా ఊరికి వెళ్లేముందు అటువంటి ఒక ఇంట్లో చదివి వినిపించండి. ఏ ప్రశ్న దగ్గర వాళ్లు తలుపు వైపు చూస్తారో దాన్ని కొట్టేసి మరోలా రాసుకోండి.